కొత్త టైర్లు కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు ఆ నాలుగు అంకెలు చూడండి

కారు టైర్లు మార్పించాలనుకుంటున్నవాళ్ళు దయచేసి ఇది చదివాకే షాపుకి వెళ్ళండి. 2025 మే నెలలో విజయవాడ హైవే మీద మా కారు వెనక ఎడమ టైరు పగిలిపోయింది. కారులో అమ్మ, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు ఉన్నారు. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆ టైరు కొని అప్పటికి మూడు నెలలు కూడా సరిగ్గా నిండలేదు.

ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో మా ఇంటి దగ్గరున్న ఒక షాపులో వెనకవి రెండూ మార్పించాను. షాపు పేరు రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. మంచి కంపెనీ టైర్లే, 185/65 ఆర్15 సైజు. బిల్లుతో అయితే ఒక్కోటి 5,800, బిల్లు లేకుండా అయితే 5,200 అన్నాడు. రెండు టైర్లకీ కలిపి 1,200 మిగులుతాయి కదా అని సరే అన్నాను. చిన్న చిట్టీ మీద కంపెనీ పేరు, సైజు, మొత్తం రాసిచ్చాడు. ‘ఫ్రెష్ స్టాకు సార్, పోయిన వారమే దిగింది’ అన్నాడు. టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి, కొత్త టైరు మీద ఉండే సన్నని రబ్బరు మొలకలు కూడా అలాగే ఉన్నాయి. అనుమానం రావడానికి ఏమీ లేదు.

ప్రయాణానికి రెండు వారాల ముందు నుంచీ ఒక సూచన కనిపిస్తూనే ఉంది. స్పీడు ఎనభై దాటితే సీటు కింద సన్నగా వణుకు. స్టీరింగ్‌లో ఏమీ లేదు. బ్యాలెన్సింగ్ తేడా అయి ఉంటుంది, ఊరెళ్ళొచ్చాక చూపిద్దాం అనుకున్నాను. మీకు ఇలాంటి వణుకు కొత్తగా మొదలైతే ఆ వారంలోనే చక్రం విప్పించి చూపించండి. వణుకు స్టీరింగ్‌లో తెలిస్తే సాధారణంగా ముందు చక్రాలు, సీటులో తెలిస్తే వెనకవి.

బయల్దేరేటప్పుడు బంకులో గాలి చూపించాను, డ్రైవర్ డోరు పక్క స్టిక్కర్ మీద ఎంతుందో అంతే పెట్టించాను. కొర్లపహాడ్ టోల్ దాటాం, సూర్యాపేట దాటాం, మునగాల ఇంకా రాలేదు. ఎండ మండిపోతోంది. స్పీడు 85 దగ్గర ఉంది. ఢామ్మని శబ్దం, వెంటనే కారు వెనక భాగం పక్కకి లాగేసింది. బ్రేకు ముట్టుకోలేదు. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీశాను. వేగం దానంతట అది తగ్గాక ఎడమ పక్కకి దించాను. ఆ క్షణంలో బ్రేకు నొక్కి ఉంటే వెనక వస్తున్న ఇసుక లారీ సంగతి ఆలోచించడానికే భయమేస్తుంది.

ముందు అందర్నీ దింపి, రెయిలింగ్ అవతల వేపచెట్టు కింద కూర్చోబెట్టాను. హైవే మీద ఆగిపోయినప్పుడు కారులో ఎవర్నీ కూర్చోనివ్వకండి, ఏసీ ఉన్నా సరే. హజార్డ్ లైట్లు వేసి, త్రికోణం బోర్డు వెనక బాగా దూరంగా పెట్టి, 1033కి ఫోన్ చేశాను. జాతీయ రహదారుల వాళ్ళ నంబరు అది, ఫోన్లో సేవ్ చేసి పెట్టుకోండి. కిలోమీటరు రాయి మీద అంకె చెబితే చాలు. నలభై నిమిషాలకి పెట్రోలింగ్ బండి వచ్చి వెనక కోన్లు పెట్టింది.

ఈలోగా నట్లు ఊడదీద్దామని కూర్చుంటే ఒక్కటీ కదల్లేదు. షాపులో ఎయిర్ గన్‌తో బిగించేశారు. జాకీ ఎక్కించక ముందే నట్లు వదులు చేయాలని తెలుసు, కానీ స్పానర్ మీద ఎంత బలం పెట్టినా రాలేదు. లారీ ఆపుకుని నీళ్ళు తాగుతున్న ఒక పెద్దాయన వచ్చి, స్పానర్ మీద కాలు పెట్టి తొక్కి ఒక్కొక్కటే వదిలించాడు. చక్రం విప్పి పక్కకి తిప్పగానే ఆయనే అన్నాడు: ‘సారూ, గీ టైరు కొత్తదని ఎవడిచ్చిండు నీకు? నంబరు లోపలికి పెట్టి బిగించిండు, చూడు.’

చూశాను. టైరు లోపలి పక్క గోడ మీద డీఓటీ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరస చివర, సబ్బుబిళ్ళలాంటి చిన్న గడిలో నాలుగు అంకెలు: 3119. ఇక్కడ కొంచెం ఆగి చదవండి. మొదటి రెండు అంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. అంటే 2019లో 31వ వారం, జులై ఆఖరు, ఆగస్టు మొదలు. నాకు ‘పోయిన వారం దిగిన’ టైరు అప్పటికి అయిదున్నరేళ్ళది. ఈ నాలుగంకెల తేదీ చాలా టైర్లకి ఒక పక్కే ఉంటుంది, రెండో పక్క సగం నంబరే ఉంటుంది. తేదీ ఉన్న పక్కని కారు కిందికి తిప్పి బిగిస్తే జాకీ ఎక్కించేదాకా మనకి కనబడదు. వాళ్ళు రెండు చక్రాలకీ అలాగే బిగించారు.

ఆయన వేలితో గాళ్ళు విడదీసి చూపించాడు. గ్రిప్ గాళ్ళ అడుగున వెంట్రుకల్లాంటి సన్నని పగుళ్ళు. పైన పాలిష్ ఉంది కాబట్టి దూరానికి ఏమీ తెలియదు. చిరిగిన చోట గ్రిప్ పొర లేచిపోయి లోపలి ఇనప తీగలు బయటికొచ్చాయి. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. గాలి, వేడి దాన్ని లోపల్నించి గట్టిపరుస్తాయి. పగుళ్ళు రాకుండా రబ్బరులో కలిపే మైనం, టైరు తిరుగుతూ ఉంటేనే పైకి వస్తూ ఉంటుంది. రేకుల గోడౌన్‌లో ఏళ్ళ తరబడి పడి ఉన్న టైరుకి ఆ రక్షణ అందదు. ఏడాది లోపు తేదీ ఉన్న టైరుకి భయపడక్కర్లేదు, అది మామూలే. అయిదేళ్ళు వాడిన టైరుని ఏటా చూపించుకోమని, తయారై పదేళ్ళయితే గ్రిప్ ఎంతున్నా తీసెయ్యమని టైర్ల కంపెనీలే చెబుతాయి. అలాంటిది అయిదున్నరేళ్ళ దాన్ని కొత్తదని అమ్మారు.

స్టెప్నీ బిగించాం. దాంట్లో గాలి సగమే ఉంది. మెల్లగా నడుపుకుంటూ ముందున్న పంక్చర్ షాపు దాకా వెళ్తే అక్కడ ఇంకో దెబ్బ. గాలి నింపమన్నాను. అమ్మకి మజ్జిగ ప్యాకెట్ తేవడానికి అటు తిరిగి వచ్చేలోపు సబ్బు నీళ్ళు కొట్టి ‘నాలుగు పంక్చర్లున్నాయ్ సార్’ అన్నాడు. నాలుగు చోట్లా బుడగలు వస్తున్నాయి నిజమే. కానీ ఏ చోటా మేకు గానీ ముల్లు గానీ లేదు, నాలుగూ ఒకే సైజు బెజ్జాలు. పిడి ఉన్న సూది అతని పక్కనే తడిగా ఉంది. ఎండలో పిల్లలతో వాదించే ఓపిక లేక బెజ్జంలో దూర్చే ఒక్కో రబ్బరు స్ట్రిప్‌కి 150 చొప్పున 600 కట్టి వచ్చాను. ట్యూబ్‌లెస్ టైరు చేతికిచ్చి కళ్ళు పక్కకి తిప్పకండి. నీళ్ళ తొట్టిలో ముంచి చూపించమనండి. బుడగ వచ్చిన చోట ముందు సుద్దతో గుర్తు పెట్టించి, గుచ్చుకున్నది ఏదో తీసి చూపించాకే స్ట్రిప్ వేయనివ్వండి. పక్క గోడలో బెజ్జం పడితే స్ట్రిప్‌తో బాగు చేస్తానన్నా ఒప్పుకోకండి, అది మార్చాల్సిందే.

తిరిగొచ్చాక చిరిగిన టైరు డిక్కీలో వేసుకుని షాపుకి వెళ్ళాను. ‘ఇది మా దగ్గర కొన్నదే అని ఏంటి గ్యారంటీ? చిట్టీలో నంబరు లేదు కదా’ అన్నాడు. బిల్లు వద్దనుకుని మిగిల్చిన ఆ 1,200 ఎంత ఖరీదైందో అప్పుడు అర్థమైంది. కంపెనీ వారంటీ అడగాలన్నా టైరు సీరియల్ నంబరుతో బిల్లు కావాలి. అయితే నేను డబ్బు ఫోన్‌పేలో కట్టాను, షాపు పేరుతో, తేదీతో రికార్డు ఉంది. దాన్ని, చిట్టీని, టైరు ఫొటోల్ని పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. అయిదు లక్షల లోపు విలువకి అక్కడ ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయాలి. మీలో ఎవరికైనా ఇలా జరిగి ఉంటే చిరిగిన టైరుని పారేయకండి, పాత టైర్లవాడికి ఇచ్చేయకండి. సాక్ష్యం అదే.

ఇప్పుడు రెండూ వేరే షాపులో మార్పించాను. ఈసారి లోపలికి వెళ్ళగానే టైరుని నేల మీద పడుకోబెట్టించి తేదీ గడి చూశాను, ఐఎస్ఐ గుర్తు చూశాను, గాళ్ళు విడదీసి అడుగు చూశాను. ఆరు నెలల లోపువి కావాలన్నాను. ముందు తెచ్చినవి రెండేళ్ళవి, వద్దంటే లోపల్నించి మూడు నెలల కిందటివి తెచ్చారు. అంటే ఉన్నాయి, అడిగినవాళ్ళకే వస్తాయి. బిల్లు మీద రెండు సీరియల్ నంబర్లూ రాయించాను. తేదీ బయటికి కనిపించేలా బిగించమంటే కుర్రాడు ‘అట్లనే సార్’ అని మారుమాట లేకుండా బిగించాడు. చివరి బిగింపు ఎయిర్ గన్ బదులు చేత్తో చేయమంటే అదీ చేశాడు.

ఇంటికొచ్చాక స్టెప్నీ కూడా బయటికి తీసి చూశాను. కారుతో పాటు వచ్చిందే, 2216. తొమ్మిదేళ్ళది, దాని మీద నాలుగు స్ట్రిప్‌లు. ఆ ఎండలో మా అమ్మని దాని మీదే కోదాడ దాకా తీసుకెళ్ళాను. ఈ ఆదివారం అదీ మార్పిస్తున్నాను.