డాయిచ్‌లాండ్ టికెట్: తొందర లేనివాళ్లకి మాత్రమే

నెలకి 63 యూరోలు కడితే జర్మనీ మొత్తంలో ప్యాసింజర్ రైళ్లు, మెట్రోలు, ట్రాములు, సిటీ బస్సులు ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు. ఐసీఈ లాంటి ఎక్స్‌ప్రెస్సులు మాత్రం ఎక్కనివ్వరు. 2023 మేలో మొదలైనప్పుడు 49 ఉండేది, 2025లో 58 చేశారు, 2026 జనవరి నుంచి 63. పెంచిన ప్రతిసారీ ఆపేస్తామని మా ఆఫీసులో అందరూ అంటారు, ఆపినవాణ్ణి నేనింకా చూడలేదు. నిజంగా ఆపాలంటే ఆ నెల పదో తారీఖులోపే రద్దు చేయాలి, లేకపోతే వచ్చే నెల డబ్బులు కూడా కట్ అవుతాయి.

ఈ దేశం నాకు నచ్చడం మొదలైంది ఈ టికెట్ చేతికొచ్చాకే. కొలోన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి ఐసీఈ గంటకు కాస్త అటూఇటూగా తీసుకెళ్లిపోతుంది, కానీ దారిలో సొరంగాలు తప్ప చూసేదేం లేదు. దానికి బదులు రైన్ నది ఒడ్డునే, ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర్లోని మైన్జ్ దాకా పోయే ఆర్‌బీ 26 ప్యాసింజర్ ఎక్కండి. ఓ పూట పోతుంది, పోనివ్వండి. కొలోన్‌లో ఎక్కగానే ఎడమవైపు కిటికీ పట్టుకోవాలి. కోబ్లెంజ్ దాటాక ఏ కొండ చూసినా పైన ఒక కోట. కౌబ్ ఊరి దగ్గరైతే ఏకంగా నది మధ్యలోనే తెల్లటి కోట, పేరు ఫాల్జ్‌గ్రాఫెన్‌స్టైన్. 14వ శతాబ్దంలో పడవల దగ్గర సుంకం వసూలు చేయడానికి కట్టారు, అంటే అప్పటి టోల్ గేటన్నమాట. నా ఎదురుగా కూర్చున్న పెద్దాయన కోబ్లెంజ్ నుంచీ పేపర్లోంచి తలెత్తలేదు. సరిగ్గా కౌబ్ రాగానే వేలితో కిటికీ వైపు చూపించి, నేను చూశానని ఖాయం చేసుకుని, మళ్లీ పేపర్లో దూరిపోయాడు. జర్మన్ల ఆప్యాయత ఇలాగే ఉంటుంది, నోరు విప్పరు.

విప్పేది రైలు లేటైనప్పుడే. పది నిమిషాలు లేటని బోర్డు మీద పడితే ఒకరినొకరు చూసుకుని నిట్టూరుస్తారు. ఇరవైకి మాటలు మొదలవుతాయి. ముప్పై దాటిందా, బిస్కెట్ ప్యాకెట్లు బయటికొస్తాయి. లేట్లకి లోటు లేదు కాబట్టి నాకు పరిచయాలకీ లోటు లేదు.

వుప్పర్టాల్‌లో 1901 నుంచి నది మీద వేలాడుతూ నడిచే రైలు కూడా ఈ టికెట్‌లోనే వస్తుంది. 1950లో ఒక సర్కస్ వాళ్లు ప్రచారం కోసం టుఫీ అనే పిల్ల ఏనుగుని అందులో ఎక్కించారు. అది బెదిరిపోయి కిటికీ బద్దలుకొట్టుకుని నదిలోకి దూకేసింది. చిన్న దెబ్బలతో బతికి బయటపడింది, తర్వాత దాని పేరుతో పాల బ్రాండే వచ్చింది! హాంబుర్గ్‌ రేవులో నడిచే 62 నంబరు ఫెర్రీకీ ఇదే టికెట్. టూరిస్టు పడవకి డబ్బులు దండగ.

ఇక చిరాకులు. ఎండకాసిన శనివారం కాలు పెట్టడానికి చోటుండదు, సగం జాగా సైకిళ్లదే. మ్యూనిక్ నుంచి కొండల వైపు పోయే బండి హోల్జ్‌కిర్షెన్‌లో రెండుగా విడిపోతుంది, కొంచెం ముందుకెళ్లాక షాఫ్ట్‌లాఖ్‌లో ఇంకోసారి. టేగర్న్‌జే సరస్సుకి వెళ్లాలంటే ఏ పెట్టె ఎటు పోతుందో ఎక్కే ముందే బోర్డు చూసుకోవాలి. కుక్క ఈ టికెట్‌లో రాదు, దాని రూల్స్ ప్రాంతాన్ని బట్టి మారతాయి. పేరు మీద ఇచ్చే టికెట్ కాబట్టి ఐడీ కార్డు జేబులో ఉండాలి.

పెద్ద సూట్‌కేసులతో ఫ్లైట్ అందుకోవాల్సినవాళ్లు మాత్రం ఐసీఈయే కొనుక్కోండి.