విడాకుల తర్వాత బాడుగింట్లో లైసెన్స్ తుపాకి: వెల్డింగ్ అంగడిలో చేయించిన ఇనుప పెట్టె, నాలుగేళ్ళ వాడకం తర్వాత

ఇది కంపెనీ సరుకు కాదు. చిత్తూరులో వెల్డింగ్ అంగడిలో కొలతలిచ్చి చేయించిన ఇనుప పెట్టె. 2021 వేసవిలో తిరుపతిలో మిద్దె మీది బాడుగ పోర్షన్‌లో గోడకు బిగించారు. అప్పట్నుంచి ఒక పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ (జంట గొట్టాల తుపాకి), ఒక .32 రివాల్వర్ అందులోనే ఉంటున్నాయి. పెట్టె పనితనానికి ఐదింట నాలుగు ఇవ్వొచ్చు. దానికి మొదట వేసిన బీగానికి ఒకటి ఇచ్చినా ఎక్కువే. అయితే విడాకులై ఇల్లు మారేవాళ్ళు పెట్టె కన్నా ముందు చూసుకోవాల్సింది ఇంకొకటుంది. పెట్టె సిద్ధమయ్యేదాకా తుపాకి ఎక్కడుండాలి? అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

తుపాకి లైసెన్స్ మనిషికి ఇస్తారు. ఇంటికీ ఇవ్వరు, కుటుంబానికీ ఇవ్వరు. భర్త పేరున లైసెన్స్ ఉండి, ఆయన ఇల్లు వదిలి వెళ్ళిపోయి, తుపాకి మాత్రం పాత బీరువాలోనే ఉండిపోయిందనుకోండి. ఆ బీరువా తాళంచెవి చేతిలో ఉన్న భార్య లైసెన్స్ లేకుండా తుపాకి పెట్టుకున్నదన్న మాట వస్తుంది. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఆ నేరానికి తక్కువలో తక్కువ రెండేళ్ళు, ఎక్కువలో ఎక్కువ ఐదేళ్ళు జైలు. లైసెన్స్ భార్య పేరున ఉంటే ఇదే చిక్కు భర్త నెత్తిన పడుతుంది. "మిగతా సామాన్లు తర్వాత పంపిస్తాలే" అన్న మాట మంచాలకూ గ్రైండరుకూ సరే, తుపాకికి కుదరదు. బావమరిది ఇంట్లోనో స్నేహితుడి అంగట్లోనో నాలుగు రోజులు దాచిపెట్టడమూ అంతే. లైసెన్స్ లేని మనిషి చేతికి ఇస్తే ఇచ్చినవాళ్ళదీ నేరమే. ప్యాకర్స్ లారీలో బట్టల మూటల మధ్య పంపడం కూడా దీని కిందికే వస్తుంది.

అందుకని అన్నిటికన్నా ముందు ఇంట్లోంచి బయటికి పోవాల్సింది తుపాకి. కొత్తింట్లో పెట్టె గోడకు బిగించేదాకా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, తుపాకులు భద్రపరచడానికి లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయడమే దారి. డీలర్లు నెలబాడుగ తీసుకుంటారు, తుపాకిని కాస్త పట్టించుకుంటారు కూడా. కానీ డీలర్ పక్క రాష్ట్రంలో ఉంటే మీ లైసెన్స్ ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో ముందు చూసుకోండి. మన జిల్లా, మన రాష్ట్రం అని రాసున్న లైసెన్స్‌తో చెన్నై దారి పట్టకూడదు.

స్టేషన్‌కు పోయేటప్పుడు రెండు కాపీలుగా కాగితం రాసుకుని పోవాలి. లైసెన్స్ నంబరు, యూఐఎన్ (లైసెన్స్‌దారుకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు నంబరు), తుపాకి తయారీ, బోరు, తుపాకి మీద కొట్టిన నంబరు, తూటాలు ఎన్ని, కట్ట (భుజానికి ఆనించే చెక్క భాగం) మీద ఇప్పటికే ఉన్న గీతలు, అన్నీ అందులో ఉండాలి. రెండో కాపీ మీద సంతకం, స్టాంపు, జీడీ (స్టేషన్ రోజువారీ పుస్తకం) ఎంట్రీ నంబరు వేయించుకోండి. నోటిమాట రసీదు కాదు. నంబరు కనిపించేలా ఫోటోలు తీసి ఉంచుకోండి. విడాకుల కేసు నడుస్తున్నప్పుడు ఈ ఒక్క కాగితం చాలా మాటలను ఆపుతుంది. "తుపాకి చూపించి బెదిరించాడు" అన్న ఆరోపణ వచ్చిననాటికి ఆ తుపాకి ఎక్కడుందో తేదీతో సహా అందులో ఉంటుంది. బెదిరింపు నిజంగానే జరిగే ఇల్లయితే, తుపాకి బయటికి పోయిందన్న రుజువు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకు ఇంకా ఎక్కువ అవసరం.

డిపాజిట్ చేయడానికి ఇంకో కారణం ఉంది, అది చట్టం కన్నా పెద్దది. విడిపోయే నెలల్లో నిద్ర ఉండదు, కొందరికి తాగుడు పెరుగుతుంది, ఒంటరిగా ఉండే రాత్రులు ఎక్కువవుతాయి. ఎంత నిబ్బరం ఉన్న మనిషికైనా ఒక చెడ్డ గంట వస్తుంది. ఆ గంటలో తుపాకి చేతికి అందేంత దూరంలో ఉండకూడదు. పెట్టె సిద్ధమైనా మనసు కుదుటపడలేదనిపిస్తే డిపాజిట్ ఇంకో ఆరు నెలలు పొడిగించుకోండి, పోయేదేమీ లేదు. మాట్లాడడానికి మనిషి కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

డిపాజిట్‌లో తుపాకికి ఏమవుతుందో కూడా చెప్పాలి. ఒక స్టేషన్‌లో మూడు నెలలున్న డబుల్ బ్యారెల్ తిరిగొచ్చేటప్పటికి రెండు బ్యారెళ్ళ నడుమ పట్టీ వెంబడి ఎర్రగా తుప్పు పట్టింది. తప్పు స్టేషన్‌ది కాదు, స్పాంజి ఉన్న రెక్సిన్ కేసులో పెట్టి ఇవ్వడంలోనే ఉంది. స్పాంజి చెమ్మను పీల్చి ఇనుముకు అదిమిపెట్టి ఉంచుతుంది. తోలు కేసు ఇంకా చెడ్డది, తోలు పదును చేసే మందులే ఇనుమును తింటాయి. డిపాజిట్‌కు ముందు బ్యారెళ్ళు లోపలా బయటా తుడిచి, గన్ ఆయిల్ కాస్త మందంగా పూసి, అదే నూనెలో తడిపి పిండిన నూలుగుడ్డ చుట్టి ఇవ్వండి. చివరిసారి తుడిచాక ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. చెమటలోని ఉప్పు వేలిముద్ర ఆకారంలోనే తుప్పు తెస్తుంది. ప్లాస్టిక్ కవరు వద్దు. కట్టకు టేపు అంటించి పేరు రాయొద్దు, టేపుతో పాటు పాలిష్ కూడా ఊడొస్తుంది. ట్రిగ్గర్ గార్డుకు దారంతో చీటీ కట్టండి.

ఇక పెట్టె విషయానికి వస్తే, కొలతలు 54 అంగుళాల ఎత్తు, 14 వెడల్పు, 12 లోతు. ఒంటికి 2 మిల్లీమీటర్ల రేకు, తలుపుకు 3 మిల్లీమీటర్లు. తలుపు కీళ్ళు లోపలివైపు. బయట కీళ్ళుంటే కటింగ్ మెషిన్‌తో రెండు నిమిషాల పని. పైభాగంలో తూటాలకు వేరే చిన్న అర, దానికి వేరే బీగం. మొత్తం బరువు 40 కిలోల పైచిలుకు. బరువుంది కదా, ఎవరు ఎత్తుకుపోతారు అనుకోవద్దు. 40 కిలోలంటే ఇద్దరు మనుషులు మెట్లు దించేస్తారు. కాబట్టి పెట్టె విలువంతా గోడలోకి పోయే బోల్టుల్లోనే ఉంది.

నాలుగు ఎం10 (పది మిల్లీమీటర్ల లావు) యాంకర్ బోల్టులు వేశారు, పైన రెండు, కింద రెండు, అన్నీ పెట్టె లోపలినుంచే. బాడుగింట్లో ముందు యజమానిని అడగాలి. ఆ తర్వాత గోడను తట్టి చూడాలి. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ అయితే పట్టు బాగుంటుంది, కాంక్రీటు పిల్లరు అయితే ఇంకా మేలు. నాలుగున్నర అంగుళాల అడ్డగోడలో బోల్టు బిగించేకొద్దీ ఇటుక పగులుతుంది. కొత్త అపార్ట్‌మెంట్లలో వాడే తేలిక సిమెంటు దిమ్మెల్లో మామూలు యాంకర్ నిలవదు, గుంజితే పొడితో సహా ఊడొస్తుంది. అక్కడ కెమికల్ యాంకర్, అంటే చిల్లులో రసాయన జిగురు పోసి నిలబెట్టే బోల్టు కావాలి. స్నానాలగది వెనక ఉన్న గోడను ఎంచుకోవద్దు, చెమ్మ ఇటువైపు ఊరుతుంది. పడమటి గోడా వద్దు. తిరుపతి మేనెల ఎండకు ఆ గోడ సాయంత్రానికి పొయ్యిలా కాగి, బ్యారెల్ మీది నూనె పలచబడి కారిపోతుంది. పెట్టె అడుగు నేలకు ఆనకుండా ఒక అడుగు ఎత్తున ఉంచడం మంచిదని 2021 నవంబర్ వానలు తేల్చేశాయి. అప్పుడు పల్లపు కాలనీల్లో కింది ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి.

బీగం దగ్గరే పెద్ద పొరపాటు జరిగింది. మొదట బ్యాటరీతో నడిచే నంబర్ల బీగం వేయించారు. పద్నాలుగు నెలలకు ఒక బ్యాటరీ కారి లోపలి పట్టీలను తినేసింది. అది మొరాయిస్తే తీయడానికి ఇచ్చే తాళంచెవి ఆ పెట్టె పై అరలోనే ఉంది. ఈ పొరపాటు చాలామంది చేస్తారు, కాబట్టి ఆ చెవి ఇంకో చోట ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. తర్వాత వేసిన ఏడు లివర్ల బీగం తలుపుకు పైనా కిందా పక్కనా మూడువైపులా కమ్మీలను నెడుతుంది. మూడేళ్ళుగా ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. నంబర్ల బీగమే కావాలనుకుంటే పెళ్ళిరోజు, పిల్లల పుట్టినరోజు, పాత ఏటీఎం నంబరు పెట్టొద్దు. కలిసి కాపురం చేసిన మనిషి మొదట నొక్కి చూసేవి అవే. పాత ఇంట్లోని బీరువానే కొత్తింటికి తెచ్చుకుంటే దాని బీగం తప్పకుండా మార్పించాలి. రెండో చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ గుర్తుండదు.

రంగు వాసన పూర్తిగా పోయేదాకా, అంటే రెండు వారాలైనా, పెట్టెను ఖాళీగా తలుపు తెరిచి ఉంచాలి. అంచులు మూయడానికి మేస్త్రి వాడే సిలికాన్ పేస్టు పులుపు వాసన, వెనిగర్ లాంటిది వస్తుంటే అది వద్దనండి. ఆరేటప్పుడు అది వదిలే ఆమ్లపు ఆవిరికి మూసిన పెట్టెలో ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. లోపల ప్లైవుడ్ కన్నా ఒట్టి ఇనుము మీద ఉన్ని గుడ్డ పరచడమే మేలు.

చెమ్మ లెక్క ఇలా ఉంది. లోపల చిన్న డిజిటల్ తేమ మీటరు ఉంది. ఈశాన్య రుతుపవనాల ముసురులో, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఏమీ పెట్టకపోతే అది 70 శాతం దాకా చూపిస్తుంది. అరకిలో సిలికా జెల్ పెడితే 50, 55 మధ్య నిలుస్తుంది. కావాల్సింది అదే. 40 కన్నా దిగితే కట్ట ఎండి పగులుతుంది. వానాకాలంలో మూడు వారాలకోసారి, ఎండాకాలంలో రెండు నెలలకోసారి జెల్‌ను వేడిచేసి మళ్ళీ పెట్టాలి. సుమారు 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు, వంటకు వాడని గిన్నెలో. నీలంరంగు జెల్‌లో కోబాల్ట్ ఉంటుంది, పిల్లలు తిరిగే ఇంటికి మంచిది కాదు, నారింజ రంగుది కొనండి. కర్పూరం, కలరా ఉండలు చెమ్మను తీయవు. కొబ్బరినూనె పూసే అలవాటు మన పల్లెల్లో ఉంది, అది కొన్నాళ్ళకు జిగురుగా గట్టిపడి గుర్రాన్ని (ట్రిగ్గర్ నొక్కితే కొట్టే సుత్తిని) పట్టేస్తుంది. బ్యారెల్ మూతి పైకి పెట్టి ఏళ్ళతరబడి నిలబెడితే నూనె కిందికి దిగి, కట్ట ఇనుముతో కలిసే చోట చెక్కను మెత్తబరుస్తుంది. నూనె పూశాక ఒకట్రెండు రోజులు మూతి కిందికి పెట్టి ఉంచండి.

నెలకు రెండు శనాదివారాలు పిల్లలు వచ్చే ఇల్లయితే పెట్టె ఒక్కటే చాలదు. డబుల్ బ్యారెల్‌ను ముందరి చెక్క తీసి, బ్యారెళ్ళు విప్పి పెట్టాలి. రివాల్వర్‌కు సిలిండర్ గుండా పోయే కేబుల్ బీగం వేయాలి. తూటాల అర చెవి, పెద్ద తలుపు చెవి ఒకే గుత్తిలో ఉండకూడదు.

కాగితాల పని. ఇల్లు శాశ్వతంగా మారినా, ఆరు నెలలకు మించి ఇంకో చోట ఉండబోతున్నా 30 రోజుల్లోగా కొత్త చోటి లైసెన్సింగ్ అధికారికి తెలపాలి. 2022 ఏప్రిల్ 4కు ముందు చిత్తూరు నుంచి తిరుపతికి మారడమంటే ఒకే జిల్లాలో మారడం. ఇప్పుడు జిల్లా మారినట్టు, కలెక్టరేటూ మారినట్టు. పాకాల, చంద్రగిరి తిరుపతి కిందికి వెళ్ళాయి. లైసెన్స్ ఐదేళ్ళది, గడువుకు రెండు నెలల ముందే రెన్యువల్ పెట్టండి, పాత అడ్రసుతో పెట్టొద్దు. వెరిఫికేషన్‌కు వచ్చే పోలీసు పాత ఇంటి తలుపే తడతాడు, అక్కడ తలుపు తీసే మనిషి ఏం చెబుతారో మీ చేతిలో ఉండదు.

ఇంకోటి, అలిపిరి, కపిలతీర్థం వైపు ఇల్లు చూసుకునేవాళ్ళు మరవకూడనిది. శేషాచలం కొండల్లోని శ్రీ వేంకటేశ్వర అభయారణ్యం పక్కనే ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 34వ సెక్షన్ అభయారణ్యానికి పది కిలోమీటర్లలోపు ఉండే తుపాకి లైసెన్స్‌దారుల పేర్లు నమోదు చేయమంటుంది, ఆ పరిధిలో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ సమ్మతి లేకుండా కొత్త లైసెన్స్ ఇవ్వొద్దంటుంది. అడ్వాన్సు ఇచ్చే ముందే అటవీశాఖ కార్యాలయంలో అడగండి. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో పోకూడదు కాబట్టి, తుపాకి తెచ్చే రోజు అడవి దారులు వదిలి పెద్దరోడ్డు మీదే రండి. ఖాళీ చేసి, విప్పి, సంచిలో డిక్కీలో, తూటాలు వేరుగా, అసలు లైసెన్స్ జేబులో. ఎటూ వచ్చాం కదా అని అదే కారులో కొండకు పోదామనుకోవద్దు, తిరుమలకు ఆయుధాలు తీసుకుపోవడం నిషేధం.

ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు డిపాజిట్ చేయమని ఆదేశం వస్తే, నూనెగుడ్డ, చీటీ, రెండు కాపీల కాగితం పెట్టె పక్కనే సిద్ధంగా ఉంటే అరగంట పని.

మళ్ళీ చేయిస్తే 54 అంగుళాల పెట్టె చేయించను. విప్పిన డబుల్ బ్యారెల్‌లో పొడుగైన ముక్క బ్యారెళ్ళే, 30 అంగుళాలు. లోపలి పొడవు 32 ఉంటే చాలు. అంత పెట్టె మామూలు బీరువా అడుగు అరలో పట్టి, అక్కణ్ణుంచే గోడకు బోల్టు పడుతుంది, ఇంటికొచ్చినవాళ్ళ కంట పడదు. ఇప్పుడున్న పొడుగు పెట్టెను చూసి గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి కూడా లోపలేముందో అడిగాడు. బాడుగిల్లు ఖాళీ చేసే రోజున మాత్రం మళ్ళీ అదే వరస. ముందు తుపాకి డిపాజిట్, తర్వాత బోల్టులు ఊడదీయడం, చివర నాలుగు చిల్లులు సిమెంటుతో పూడ్చి యజమానికి చూపించడం.