గండికోటలో టెంటు బాగుంది, మ్యాటే ముంచింది

గండికోటలో టెంట్లు అద్దెకిచ్చేవాళ్ళు ఎవరైనా "మ్యాట్ కూడా మేమే ఇస్తాం సార్" అంటే, ముందు ఆ మ్యాట్ పరిపించి, గాలి పట్టాక దాని మీద ఓ పది నిమిషాలు పడుకుని చూడండి. డబ్బులు ఆ తర్వాత. మాకు దొరికిన మనిషి ఫోన్లోనే అడ్వాన్సు లాగేశాడు, ఆయన పుణ్యాన మా బావ నడుం ఇంకా పట్టేసే ఉంది, మా అక్క కోపం ఇంకా దిగలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

అనంతపురం నుంచి నలుగురం బయల్దేరాం: నేను, మా ఆవిడ, అక్క, బావ. జనవరి నెల, శనివారం. తాడిపత్రి మీదుగా జమ్మలమడుగు, అక్కడి నుంచి గండికోట దాదాపు పదిహేను కిలోమీటర్లు, దారి గురించి చెప్పుకోడానికి ఏం లేదు. తాడిపత్రిలో ఉగ్గాని బజ్జీ తిన్నాం, ప్లేటు 40 రూపాయలు. బావ రెండో ప్లేటు చెప్పాడంటే మూడ్ ఎలా ఉందో అర్థం చేసుకోండి. కార్లో దారి పొడుగునా నా మీద జోకులే. "ఒక్కోటి మూడు వేల నాలుగొందలు పెట్టి చాపలు కొన్నావంట కదా బామ్మర్దీ, ఆ డబ్బుకి నవారు మంచం వస్తుంది కదప్పా!"

ఆ చాపలు అంటే సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ మ్యాట్‌లు, టెంటులో పరుచుకోడానికి తమంతట తామే గాలి నింపుకునే పరుపులు. నాకూ మా ఆవిడకూ చెరొకటి ముందే కొన్నా, 3,400 చొప్పున. అక్కా బావలకి మాత్రం అక్కడే అద్దెకి తీసుకుందామన్నారు. ఏడాదికోసారి పడుకునేదానికి కొనడం దండగ అని బావ లెక్క. టెంటు ఒక్కోటి 1,200, రెండు టెంట్లు. మ్యాట్ ఒక్కోటి 250, రెండు మ్యాట్లు. మొత్తం 2,900, దాని పైన డిపాజిట్ 1,000. ఫోన్లో మాట్లాడినప్పుడు "సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగే సార్, ఫారిన్ మోడల్" అని టెంట్ల ఓనరు రెండుసార్లు చెప్పాడు.

టెంట్ల సంగతి నిజంగా తప్పు పట్టలేను. రాతినేల కదా, మేకులు దిగవు, తాళ్ళని పెద్ద పెద్ద రాళ్ళకి కట్టాడు, రాత్రి గాలి గట్టిగా కొట్టినా కదల్లేదు. లోయ అంచుకి దూరంగానే వేశాడు. అదీ మంచిదే, అంచు దగ్గర వేయమని అడిగేవాళ్ళకి మాత్రం ఓ దండం, అక్కడ చాలాచోట్ల రెయిలింగ్ కూడా లేదు.

మ్యాట్ల దగ్గరికొచ్చేసరికి కథ మారింది. చీకటి పడే వేళకి ఓ కుర్రాడు రెండు మ్యాట్లు తెచ్చి, వాల్వ్‌కి నోరు పెట్టి బుగ్గలు ఉబ్బేలా ఊదడం మొదలుపెట్టాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ మ్యాట్‌ని అలా ఊదక్కర్లేదు. లోపల ఫోమ్ ఉంటుంది, దాని పైనా కిందా గాలి పోని గుడ్డ అతికించి ఉంటుంది. గిన్నెలు తోమే స్పాంజిని పిండి వదిలితే ఎలా మళ్ళీ ఉబ్బుతుందో అదే పద్ధతి: వాల్వ్ తెరిచి వదిలేస్తే ఫోమ్ తనంతట తాను విచ్చుకుంటూ గాలిని లోపలికి పీల్చుకుంటుంది. పది పదిహేను నిమిషాలు వదిలేసి టీ తాగి రావాలి, అంతే. చివర్లో గట్టిదనం చాలకపోతే నాలుగైదు సార్లు ఊదితే సరిపోతుంది. అదైనా నోటితో కాకుండా పంపు సంచీతో చేస్తే ఇంకా మంచిది, నోటి తేమ లోపలికి పోయి చాన్నాళ్ళకి బూజు పడుతుంది. 1970ల మొదట్లో అమెరికాలోని సియాటిల్‌లో, బోయింగ్‌లో ఉద్యోగాలు పోయిన ఇంజనీర్లు కనిపెట్టిన వస్తువు ఇది, థర్మ్-ఎ-రెస్ట్ అనే పేరుతో అప్పటి నుంచీ అమ్ముతున్నారు. మొదటి నుంచి కిటుకంతా ఆ ఫోమ్‌లోనే ఉంది.

ఫోమ్ చచ్చిపోతే మ్యాట్ కూడా పోయినట్టే. వీళ్ళ మ్యాట్లని నెలల తరబడి బిగించి చుట్టి, వాల్వ్ మూసేసి, రేకుల షెడ్డులో పెట్టారు. అలా పెడితే ఫోమ్ నలిగిపోయి మళ్ళీ లేవదు. అందుకే కుర్రాడు ఊదుతున్నాడు. బావకిచ్చినదాని సంగతి ఇంకా ఘోరం, మధ్యలో గుడ్డ ఫోమ్ నుంచి ఊడిపోయి బెత్తెడు ఎత్తున బుడగ లేచింది. ఎండలో గాలితో నిండిన మ్యాట్‌ని వదిలేస్తే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, జిగురు ఊడుతుంది, ఇక దానికి రిపేరు లేదు. కడప ఎండల్లో అది జరగడానికి ఎంతసేపు? బావ ఆ బుడగ మీద నడుం వాల్చి, కుడివైపు దొర్లి, ఎడమవైపు దొర్లి, "ఏమప్పా, ఇది మ్యాటా, ఒంటె మూపురమా?" అన్నాడు. కుర్రాడు నవ్వి వెళ్ళిపోయాడు. ఓనరుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

మధ్యలో ఒక మంచి మాట. టెంటు వాళ్ళ భోజనం ప్యాకేజీ మనిషికి 350 అన్నారు, వద్దన్నాం. ఊళ్ళో ఒక పెద్దామె ఇంటి దగ్గర వండి పెడుతుందని టీ కొట్టతను చెప్పాడు. రాగిసంకటి, నాటుకోడి పులుసు, పక్కన చెనిక్కాయల ఊరుబిండి, ప్లేటు 220. సంకటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోసింది, పులుసు అడక్కుండానే మళ్ళీ పోసింది. మా అక్క సంకటి తినే మనిషి కాదు, ఆ రాత్రి పెద్ద ముద్ద మొత్తం తినేసి "ఇంకొంచెం పెట్టమ్మా" అంది. "తినండి నాయనా, కొండ గాలికి ఆకలేస్తుంది" అంటూ ఆమె పక్కనే కూర్చుని వడ్డించింది. ఈ యాత్ర మొత్తంలో పెట్టిన ప్రతి రూపాయికీ సరిపడా దొరికింది అక్కడే.

తిరిగి వచ్చి పడుకున్నాం. పదకొండింటికి బావ టెంట్లోంచి గొణుగుడు. ఒంటిగంటకి అక్క టార్చి పట్టుకుని మా టెంటు జిప్ తీసింది. ఆమె మ్యాట్‌లో గాలి మొత్తం దిగిపోయి వీపు కింద రాయి తగులుతోంది. నా మ్యాట్ అక్కకి ఇచ్చేశా, నేనూ బావా కార్లో సీట్లు వెనక్కి వాల్చుకుని పడుకున్నాం. పడుకున్నాం అనడం కూడా ఎక్కువే. డబ్బు పెట్టి కొన్న మ్యాట్ నాది, కారు సీటు మీద మెడ పట్టేసిందీ నాకే. ఆ ఒంటిగంట దాకా మాత్రం హాయిగా నిద్రపోయానని బావ ముందు అనలేకపోయాను. మా ఆవిడైతే పొద్దున ఆరున్నర దాకా కదల్లేదు.

పొద్దున్నే అసలు పంచాయితీ. ఓనరు వచ్చి అక్క మ్యాట్ చూసి "పంచరు చేశారు, పల్లేరుకాయ గుచ్చుకుంది, డిపాజిట్‌లో 600 పట్టుకుంటా" అన్నాడు. పల్లేరుకాయలు అక్కడ నిజంగానే ఉన్నాయి, అందులో అబద్ధం లేదు. కానీ మా అక్క అనంతపురం పాతూరులో కూరగాయలు బేరం చేసే మనిషి. టీ కొట్టు దగ్గర నీళ్ళ డ్రమ్ము ఉంటే, "అందులో ముంచు చూద్దాం" అంది. మ్యాట్‌లోకి గాలి ఊది కొంచెం కొంచెంగా నీళ్ళలో ముంచుతూ పోతే, వాల్వ్ మొదట్లో బుడబుడమని బుడగలు. ముల్లు కాదు, వాల్వ్ దగ్గర అతుకు వదిలింది. దాని పక్కనే సైకిల్ ట్యూబు ముక్క అతికించిన పాత ప్యాచ్ ఇంకొకటి కూడా బయటపడింది! చుట్టూ నలుగురు గుమిగూడారు. ఓనరు మొహం మాడ్చుకుని 600 తిరిగిచ్చాడు. మ్యాట్ల అద్దె 500 కూడా ఇమ్మంటే బుడగ లేచినదానికి మాత్రం 250 ఇచ్చాడు, రెండోదానికి "రాత్రి సగం వాడుకున్నారు కదమ్మా" అన్నాడు. అక్క ఆ మాటకి ఏమన్నదో ఇక్కడ రాయను.

పల్లేరుకాయల భయం ఉన్నవాళ్ళకి నేను చేసే పని చెప్తా. టెంటు కింద పాత ఫ్లెక్సీ పరుస్తా. ఎలక్షన్లు అయ్యాక ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి, నాయకుల మొహాలు కిందికి తిప్పి పరిస్తే ముళ్ళన్నీ వాళ్ళే చూసుకుంటారు. దానికన్నా ముందు టార్చి పెట్టి నేలంతా చేత్తో తడిమి చూడాలి, మ్యాట్‌ని టెంటు బయటికి తీసుకెళ్ళి కబుర్లకి కూర్చోకూడదు. చిన్న పంచరైతే సబ్బు నీళ్ళు రాసి బుడగ ఎక్కడొస్తుందో చూసి, ఆరనిచ్చి ప్యాచ్ వేసుకోవచ్చు. ఉత్తి గాలి పరుపుతో పోలిస్తే దీనిలో ఉన్న సుఖం ఇదే, పంచరైనా లోపల ఫోమ్ బాగుంటే కొంతైనా మెత్తగా ఉంటుంది. గాలి పరుపు తేలిక, చిన్నగా మడత పడుతుంది, కానీ గాలి పోతే గుడ్డముక్కే.

కొనేటప్పుడు మందం మీదే ఖర్చు పెట్టండి. వెల్లకిలా పడుకునేవాళ్ళకి రెండున్నర సెంటీమీటర్లు ఎలాగోలా సరిపోతుంది, నాలా పక్కకి తిరిగి పడుకునేవాళ్ళకి తుంటి ఎముక నేలకి తగులుతుంది, అయిదు సెంటీమీటర్లకి తగ్గొద్దు. కారు ఉంటే బరువు గురించి ఆలోచించక్కర్లేదు, వీపున మోసుకుని నడిచేవాళ్ళే గ్రాములు లెక్కపెట్టుకోవాలి. షాపువాళ్ళు ఆర్-వాల్యూ అని ఒక నంబరు చూపించి ఎక్కువ రేటు చెప్తారు. నేల చలి ఒంటికి ఎక్కకుండా ఎంత ఆపుతుందో చెప్పే నంబరు అది. మంచు కొండలకి వెళ్ళేవాళ్ళకి నాలుగు, అయిదు కావాలి. మన సీమలో జనవరి రాత్రికి రెండు చాలు, దానికోసం అదనంగా వెయ్యి, రెండు వేలు పోయొద్దు. వేసవిలో రాయి రాత్రంతా వేడి కక్కుతుంది, ఆ వేడిని కూడా ఇదే ఫోమ్ కొంత ఆపుతుందని మాత్రం ఎవరూ చెప్పరు. ఇంకోటి, టైరులాగా గట్టిగా నింపొద్దు, పక్కకి తిరిగి పడుకుంటే తుంటి నేలకి ఆనకుండా ఉంటే చాలు.

లోయ గురించి రాయలేదని అనుకోకండి. ఎర్రమల కొండల్ని పెన్నా చీల్చుకుని పోయిన చోటు, పొద్దున ఎండ పడితే ఎర్రరాయి పొరలు పొరలుగా కనిపిస్తుంది, ఎంత చెప్పినా తక్కువే, ఫోటోలు మీరు చూసే ఉంటారు. కోటలో మాధవరాయ స్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం అన్నీ నడిచే దూరంలోనే ఉన్నాయి, మేం గంటన్నరలో ముగించాం, బావ నడుం వల్ల.

వచ్చేటప్పుడు కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలకి వెళ్ళాం, ఒకప్పుడు కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల. మొత్తం 3,229 మీటర్ల పొడవు గుహ, అందులో కొంత భాగమే చూడనిస్తారు. లోపల ఉక్క విపరీతం, చెమటలు కారిపోతాయి, నీళ్ళ సీసా లేకుండా దిగొద్దు. పాతాళగంగ దాకా వెళ్దామంటే బావ మధ్యలోనే ఒక రాయి చూసుకుని కూలబడ్డాడు, వంగి నడిచే చోట్లు ఆయన వల్ల కాలేదు. మా ఆవిడ మాత్రం ఎంత చలాకీగా మెట్లు దిగిందో చూసి "మంచి నిద్ర పట్టినోళ్ళ సంగతి వేరే" అన్నాడు.

ఖర్చు చెప్పాలంటే పెట్రోలు 1,850, టెంట్లు 2,400, మ్యాట్లకి 250 దండగ, రాత్రి భోజనం 880, మిగతా టీలూ టిఫిన్లూ కలిపి ఓ 600. మా మ్యాట్లని ఇంటికి రాగానే తుడిచి, వాల్వ్‌లు తెరిచి, చుట్టకుండా మంచం కింద వెడల్పుగా పరిచి పెట్టా, అలా పెడితేనే ఫోమ్ బతుకుతుంది. మా ఆవిడ వాటి మీద ఎండుమిరపకాయల మూట పెట్టేసింది, తీయించా.