స్కూల్ టూర్‌కి ఏ ఊరు? కొండపల్లి, సాగర్, హైదరాబాద్, విశాఖ

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచారంటే మా స్టాఫ్ రూమ్‌లో ఇదే గొడవ. పిల్లలు ఫిల్మ్ సిటీ అంటారు. హెడ్‌మాస్టారు తలకి ఎంత పడుతుందంటారు. తల్లిదండ్రులు మాత్రం ‘రాత్రికి ఇంటికి తెచ్చేస్తారు కదా సార్?’ అని ఒకటే అడుగుతారు. మాది నరసరావుపేట వైపు హైస్కూలు, నేను సోషల్ చెబుతాను. కాబట్టి టూర్ అనగానే ఆ బరువు తిరిగి తిరిగి నా నెత్తినే పడుతుంది.

చోటు ఎంచుకునేటప్పుడు నేను దాని పేరు చూడను. అక్కడికి వెళ్ళాక పిల్లవాడు ఏం చేస్తాడు, ఒకేసారి ఎంతమంది లోపలికి పోగలరు అన్నవే చూస్తాను. ఎంత గొప్ప చోటైనా గంటన్నర క్యూలో నిలబెడితే పిల్లలకి ఆ క్యూ ఒక్కటే గుర్తుంటుంది.

ఆరు, ఏడు తరగతులకి కొండపల్లి, ఉండవల్లి కలిపి ఒక రోజు సరిపోతుంది. ఉండవల్లిలో కొండనే నాలుగంతస్తులుగా తొలిచారు. పైన పడుకున్న అనంతపద్మనాభస్వామిని చూడగానే పిల్లలు తల నుంచి కాళ్ళ దాకా అడుగులేసి కొలవడం మొదలుపెడతారు. అక్కడ గంట చాలు. అసలు సరదా కొండపల్లి బొమ్మల కాలనీలో ఉంది. తెల్ల పొణికి కర్ర చేతికిస్తే ‘ఇంత తేలికా!’ అంటారు. ఆ కర్రని వేడిచేసి తడి పోగొట్టి, చేతులు, కాళ్ళు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఒక పెద్దాయన ఏనుగు బొమ్మకి తొండం అతికిస్తుంటే, మా క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని కుర్రాడు ‘ఫెవికాల్ ఎందుకు వాడరు తాతా?’ అని అడిగాడు. ఆయన నవ్వి, మక్కు ఆరాక దాన్ని కూడా కర్రలాగే చెక్కి నునుపు చేయొచ్చని చేసి చూపించాడు. సైన్సు మాస్టారు కూడా వంగి చూశారు. కాకపోతే ఈ పని జరిగేది వాళ్ళ ఇళ్ళలో, పెద్ద షెడ్లలో కాదు. పదిమంది చొప్పున పంపాలి, మిగతావాళ్ళని ఈలోపు కోటకి తీసుకెళ్ళాలి. ముందురోజే వెళ్ళి ఒకరిద్దరు కళాకారులతో మాట్లాడుకుని, వాళ్ళ పని చెడుతుంది కాబట్టి ఎంతో కొంత ఇచ్చి రావడం మర్యాద.

ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ళకి నా ఓటు ఎప్పుడూ నాగార్జునసాగర్‌కే. మా వైపు నుంచి మాచర్ల మీదుగా పొద్దున్నే బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. అయితే చాలా స్కూళ్ళ వాళ్ళు డ్యామ్ దగ్గర బస్సాపి, గేట్ల ముందు ఫోటో దిగి, ఎత్తిపోతల జలపాతం చూసి వచ్చేస్తారు. విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కకపోతే సాగర్ వెళ్ళీ ప్రయోజనం లేదు.

లాంచీ మీద రిజర్వాయర్ మధ్యలో దీవిలా ఉన్న నాగార్జునకొండ చేరడానికి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. ఆ గంట వృథా కాదు, నాకు దొరికే మంచి పీరియడ్ అదే. క్రీస్తు శకం 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ లోయలోనే ఉండేది. డ్యామ్ కడితే మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికిన శిల్పాలని, కొన్ని కట్టడాలని కొండ మీదికి చేర్చారు. మ్యూజియం 1966లో తెరిచారు. ఇదంతా లాంచీలో చెబుతుంటే ఒక అమ్మాయి రెయిలింగ్ పట్టుకుని కిందికి చూసి, ‘అయితే సార్, ఇప్పుడు మనం ఊరి మీంచి పోతున్నామా?’ అంది. ఆ తర్వాత మ్యూజియంలో ఎవరినీ ‘చూడండి, చూడండి’ అని బతిమాలాల్సిన పని పడలేదు.

తిరిగి వచ్చాక అనుపు. అక్కడ మళ్ళీ కట్టిన పాత రంగస్థలం ఉంది, చుట్టూ మెట్లు. ఒకరిని మధ్యలో నిలబెట్టి వేమన పద్యం చెప్పిస్తే పై మెట్టు మీద కూర్చున్నవాళ్ళకి మైకు లేకుండా వినిపిస్తుంది. ఎవరికి వాళ్ళు ‘నేను సార్, నేను సార్’ అని దిగొస్తారు. పైసా ఖర్చు లేదు.

సాగర్‌తో తంటా కూడా ఉంది. మ్యూజియానికి శుక్రవారం సెలవు. గాలి ఎక్కువగా ఉన్నా, నీటిమట్టం తగ్గినా లాంచీ తిప్పరు. బయల్దేరే ముందురోజు ఫోన్ చేసి కనుక్కోవాల్సిందే. లాంచీ లేదంటే తెలంగాణ వైపు 2022లో తెరిచిన బుద్ధవనం చేతిలో ఉంచుకోవడం మంచిది. చోటు విశాలం, ఎంతమంది పిల్లలైనా పడతారు. ఎత్తిపోతల మాత్రం పైనుంచే చూపించి తీసుకొచ్చేస్తాం, నీటి దగ్గరికి దిగనివ్వం. 2014 జూన్‌లో హిమాచల్‌ప్రదేశ్‌లో పైనున్న డ్యామ్ నుంచి ఒక్కసారిగా నీళ్ళు వదిలితే, బియాస్ నదిలో ఫోటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. దాని తర్వాత నీళ్ళ దగ్గర నాకు మొహమాటం లేదు. పిల్లలు తిట్టుకున్నా సరే.

హైదరాబాద్ అంటే పేరు పెద్దది, పిల్లల్ని బస్సులోనే కూర్చోబెట్టేదీ అదే. నాలుగు చోట్లు ఒక్క రోజులో చూపిస్తామనే ఏజెంటుని దూరం పెట్టండి. ఒక పూటకి ఒక చోటే. సాలార్‌జంగ్ మ్యూజియం మొత్తం చూపించాలని చూస్తే సగంలోనే కూర్చుండిపోతారు. మేలిముసుగు రెబెక్కా పాలరాతి శిల్పం, ముందొక మనిషి వెనకొక మనిషి ఉన్న చెక్క శిల్పం, ఇంకో రెండు గదులు, అంతే. గడియారం దగ్గరికి మాత్రం పన్నెండుకి ముందే చేరాలి. అందులోంచి తలుపు తీసుకుని గడ్డపాయన బొమ్మ వచ్చి పన్నెండు సార్లు గంట కొడుతుంటే పిల్లలంతా పైకే లెక్కపెడతారు. దీనికీ శుక్రవారమే సెలవు.

నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటోరియం, సైన్స్ మ్యూజియం ఒకే చోట ఉండటం బడివాళ్ళకి వరం. ప్లానెటోరియంలో తెలుగు షో ఉంటుంది, టైమింగ్ కనుక్కుని దానికే వెళ్ళండి. ఇంగ్లిష్ షోలో, పైగా చీకట్లో, మా వాళ్ళు హాయిగా నిద్రపోయారు. పక్కనే ఉన్న డైనోసార్ అస్థిపంజరం మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికినది. శాస్త్రవేత్తలు దాని పేరులోనే ఆ ఊరిని పెట్టారు, కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని. డైనోసార్లన్నీ అమెరికావే అనుకునే పిల్లలకి ఇది పెద్ద వార్త. గోల్కొండ ఎక్కించాలంటే ఎండ ముదరకముందే. ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుందని సగం మందిని కింద ఆపి, సగం మందిని పైకి పంపితే ఎక్కే బద్ధకం దానంతటదే పోతుంది.

ఇక ఫిల్మ్ సిటీ. సరదాకి సరదానే, రోజంతా పడుతుంది, టికెట్టుకి డబ్బు బాగా అవుతుంది. తీసుకెళ్ళండి, తప్పు లేదు. తల్లిదండ్రులకిచ్చే కాగితం మీద మాత్రం విజ్ఞాన యాత్ర అని రాయకండి.

పదో తరగతికి విశాఖ. మా వాళ్ళకి విజయవాడలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి వైజాగ్. చదువు కోసం చేసే యాత్రలకి రైల్వే రాయితీ ఉంది, హెడ్‌మాస్టారి సంతకంతో కాగితాలు ముందుగా పెట్టుకోవాలి. ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కురుసుర సబ్‌మెరైన్ అన్నిటికన్నా పెద్ద ఆకర్షణ. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన ఓడ అది. లోపల సన్నటి దారి, ఒక అరలోంచి ఇంకో అరలోకి పోవడానికి గుండ్రటి రంధ్రాలు. మోకాలు పైకెత్తి, తల వంచి దూరాలి. లావుపాటి మా పీఈటీ మాస్టారు ఒక చోట ఇరుక్కుంటే క్లాసంతా వెనకనుంచి డైరెక్షన్లు ఇచ్చింది. నావికులు షిఫ్టులవారీగా పడుకునే బల్లలు చూశాక హాస్టల్ మంచాల గురించి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. చిక్కల్లా క్యూతోనే. అందుకే సగం మందిని రోడ్డుకి అవతల ఉన్న టీయూ-142 అనే పాత నౌకాదళ విమానంలోకి పంపి, తర్వాత అటువాళ్ళని ఇటు మార్చాలి. సోమవారం సబ్‌మెరైన్ మూసి ఉంటుంది. ఆర్కే బీచ్‌లో లోతు ఉన్నట్టుండి పెరుగుతుంది, అలలు లాగేస్తాయి. కాళ్ళు తడిస్తే చాలు, అంతకన్నా ముందుకి వద్దు.

రెండో రోజు కిరండూల్ రైల్లో బొర్రా గుహలకి. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టె పెట్టెంతా కేకలు. అద్దాల పెట్టె టికెట్టు ఖరీదు, అంతమందికి దొరకదు కూడా. మామూలు పెట్టెలో వెళ్ళి, తిరుగు ప్రయాణం బస్సులో పెట్టుకోవడం నయం. గుహలో పైకప్పు నుంచి చుక్క పడటం చూపించి, ఆ నీళ్ళలోని సున్నమే పైన వేలాడే రాయిగా, కింద లేచే రాయిగా పేరుకుందని చెబితే కెమిస్ట్రీ మేడమ్ మళ్ళీ క్లాసులో చెప్పక్కర్లేదు.

బస విషయంలో మాకు బాగా తగిలింది. డార్మిటరీ అని అడ్వాన్సు తీసుకున్న ఒక లాడ్జివాళ్ళు తీరా వెళ్ళాక గదికి ఆరుగురిని సర్ది, మూడు అంతస్తుల్లో పంచారు. రాత్రంతా టీచర్లు మెట్లెక్కడం దిగడమే. అప్పటినుంచి ఒకే అంతస్తు ఇస్తామని కాగితం మీద రాయిస్తున్నాం. లేదంటే కల్యాణ మండపమే మేలు: రెండు పెద్ద హాళ్ళు, వంటగది, వెనక వరసగా బాత్రూములు. వంటమనిషిని వెంట తీసుకెళ్తే పొద్దున ఉప్మా, మధ్యాహ్నానికి కట్టుకుపోవడానికి పులిహోర, పెరుగన్నం. అమ్మాయిలున్నప్పుడు మహిళా టీచర్లు లేకుండా కదలకూడదు. ఇది చెప్పాల్సిన పని లేదనుకుంటాం, కానీ కొన్ని స్కూళ్ళని చూస్తే చెప్పాలనిపిస్తుంది.

బస్సుకైతే ఆర్టీసీ అద్దె బస్సు అడిగాకే ప్రైవేటు. ప్రైవేటు బస్సు తెలంగాణలోకి పోవాలంటే పర్మిట్ ఉందా లేదా మీ కళ్ళతో చూడండి. దారిలో తనిఖీకి ఆపితే పిల్లలతో గంటలు కూర్చోవడం కన్నా నరకం లేదు. వాంతులయ్యేవాళ్ళకి ముందు సీట్లు, నిమ్మకాయలు, కవర్లు.

ఈసారి ఎనిమిది, తొమ్మిది వాళ్ళకి సాగర్ ఖాయం చేశాం, పదో తరగతికి డిసెంబరులో విశాఖ. తలకి కట్టే డబ్బు లెక్కేసేటప్పుడు కట్టలేని నలుగురైదుగురి ఖర్చు కూడా కలిపి పంచుతున్నాం. ఆ పేర్లు హెడ్‌మాస్టారికీ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియవు.