పాత సియెర్రాకి ‘పాత స్టాక్ కంపెనీ పార్టులు’ అంటే తొందరపడకండి: వైజాగ్‌లో నాకు జరిగింది

వైజాగ్‌లో పాత టాటా సియెర్రా, ఎస్టేట్, మొదట్లో వచ్చిన సుమో లాంటి డీజిల్ బండ్లు బాగుచేయించుకుంటున్నవాళ్లు ఇది చదివాకే హీటర్ ప్లగ్గులు (చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్టవడానికి లోపల వేడి పుట్టించేవి), నాజిళ్లు (ఇంజిన్లోకి డీజిల్ చిమ్మేవి) కొనండి. ‘2002 నాటి స్టాక్ సార్, కంపెనీ ప్యాకింగ్, సీలు కూడా తియ్యలేదు’ అంటూ నాలుగు ప్లగ్గులు, నాలుగు నాజిళ్లు కలిపి రూ.13,800కి నాకు అంటగట్టారు. అన్నీ డూప్లికేట్లే. వాటివల్ల ఇంజిన్ హెడ్, అంటే ఇంజిన్ పైభాగం, దించాల్సొచ్చింది. మొత్తం వదిలింది రూ.31,600.

షాపు పేరు రాయడం లేదు. బిల్లు లేకుండా కొన్నది నేనే కాబట్టి ఆ మాత్రం నోరు కట్టేసుకోక తప్పదు.

నా బండి 1997 మోడల్, టర్బో లేనిది. నేవీలో పనిచేసి రిటైరైన ఒకాయన దగ్గర మూడేళ్ల కిందట తీసుకున్నాను. ఆర్సీ 2027 దాకా ఉంది. ఫ్లోరు, డోర్ల అంచులు ఉప్పుగాలికి తినేసి ఉంటే టింకరింగ్‌కి, పెయింటింగ్‌కి ఏడాది పట్టింది. బీచ్‌కి దగ్గర్లో ఉండేవాళ్లకి తుప్పు సంగతి నేను చెప్పక్కర్లేదు. ఈ సంక్రాంతికి నరసన్నపేట పక్కనున్న మా ఊరికి అందులోనే వెళ్లాలని పట్టుదల. సరిగ్గా డిసెంబరులో పొద్దున్నే స్టార్టింగ్ ట్రబుల్ మొదలైంది.

2025 నవంబరులో కొత్త సియెర్రా వచ్చింది కదా, అప్పట్నుంచి పాతదాని పేరు చెబితే చాలు షాపువాళ్ల కళ్లు మెరుస్తున్నాయి. నాకు తగిలినవాడూ అదే మొదలుపెట్టాడు. ‘సియెర్రా పార్టులు ఇండియాలోనే లేవు సార్, నా దగ్గర ఒక్క సెట్టుంది, హైదరాబాద్ పార్టీ కూడా అడుగుతున్నాడు.’ ఇక్కడే నా బుర్ర పనిచేయలేదు. సియెర్రాలో దొరకనివి వెనకవైపు పైకి వంపు తిరిగే ఆ పెద్ద అద్దాలు, వాటి రబ్బరు బీడింగులు, టెయిల్ ల్యాంపులు. ఇంజిన్ సామాను కాదు. అదే 1948 సీసీ ఇంజిన్ ఎస్టేట్‌లోనూ, టాటామొబైల్ పికప్‌లోనూ, పాత సుమోల్లోనూ ఉంది. సుమోలు ఊరూరా తిరిగాయి. పాత పార్టు మీది నంబరు రాసుకుని సుమో సామాను అమ్మేచోట అడిగితే సరిపోయేది. అద్దం దొరకదన్న భయాన్ని ప్లగ్గు మీదకి మళ్లించి ధర లాగేశాడు. అంతే కథ.

బిల్లు అడిగాను. ‘బిల్లు కావాలంటే 28 శాతం జీఎస్టీ పడుద్ది సార్, మీ ఇష్టం’ అన్నాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో పార్టులకి 18 శాతమే. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

బిగించిన మొదటి రెండు రోజులు బండి ఒక్క తిప్పుకే స్టార్టయింది, సంబరపడ్డాను. నాలుగో రోజు ట్రయల్ అని భీమిలి రోడ్డెక్కితే రుషికొండ దాటేలోపే టకటకమని చప్పుడు, లాగడం లేదు. మర్నాడు పొద్దున స్టార్ట్ చేస్తే వీధంతా తెల్లపొగ. పక్కింటావిడ దోమల బండి వచ్చిందనుకుని కిటికీలు మూసేసింది.

గాజువాక ఆటోనగర్‌లో మా పాత మెకానిక్ దగ్గరికి తోలించుకెళ్లాను. ఆయన మూడు ప్లగ్గులు కష్టం మీద తీశాడు. మూడిటికీ కొన ఉబ్బిపోయి ఉంది, వానకి నానిన అగ్గిపుల్ల తలలా. ‘ఏటి బాబూ ఇది, ఇలగ ఉబ్బిపోనాది’ అని నా చేతిలో పెట్టాడు. నాలుగోది రాలేదు. ఉబ్బిన కొన రంధ్రంలోంచి పైకి రాదు. బలంగా తిప్పితే విరిగి ముక్క లోపలుండిపోయింది. ఆ ముక్క పిస్టన్ మీద పడితే ఇంజినే పోతుంది. అందుకని హెడ్ దించి ముక్క తీసి, గాస్కెట్ మార్చి మళ్లీ ఎక్కించేసరికి, లేబరుతో సహా రూ.12,600. బిల్లుతో కొన్న అసలు ప్లగ్గులు, నాజిళ్లు రూ.5,200. లెక్క చూసుకోండి, మంచి సరుకే చవక.

ఇక డబ్బా సంగతి. టేబుల్ మీద పడేసిన ఖాళీ డబ్బాని మా అమ్మాయి చూసింది. బ్యాంకు పరీక్షలకి చదువుతోంది, ప్రతిదాంట్లోనూ జీకే వెతుకుతుంది. ‘నాన్నా, ప్యాక్ చేసింది 08/2002 అని ఉంది, ధర పక్కన రూపాయి గుర్తెలా వచ్చింది? ఆ గుర్తు 2010 జులైలో కదా వచ్చింది’ అంది. ముప్పయ్యేళ్లుగా బండ్లు నడుపుతున్నవాణ్ణి, నాకు తట్టలేదు.

షాపువాడికి ఫోన్ చేసి అదే అడిగాను. ‘లేబుల్ తర్వాత అంటిస్తారు సార్’ అన్నాడొకసారి, ‘ఎలక్ట్రికల్ ఐటమ్‌కి గ్యారంటీ ఉండదు’ అన్నాడింకోసారి. మూడోసారి ఎత్తలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. జిల్లా కమిషన్‌కి వెళ్లడానికి రెండేళ్ల గడువుంది, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు. కానీ ఏం చూపించను? ఫోన్లో డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ ఒక్కటుంది. అదీ షాపు పేరు మీద కాదు, వాళ్ల బావమరిది పేరు మీద.

ఇప్పుడు నేను ప్లగ్గు కొంటే షాపు దగ్గరే, వాళ్ల బ్యాటరీ మీదే చూస్తాను. ప్లగ్గు ఒంటిని పట్టకారుతో పట్టుకుని 12 వోల్టులిస్తే మంచిదైతే మొదట కొన ఎర్రబడి, ఎరుపు పైకి పాకుతుంది. నాకిచ్చినవాటిలో మిగిలిన ఒకదాన్ని అలా చూస్తే నడుం దగ్గర ఎర్రబడింది, కొన నల్లగానే ఉంది. కొన్ని సెకన్లు చాలు, ఎక్కువసేపు పెట్టకండి, చెయ్యి కాలుతుంది. నాజిల్‌కైతే దాని లోపలుండే సూదిని డీజిల్లో తడిపి మూడోవంతు పైకి లాగి వదలాలి. తన బరువుకే మెల్లగా జారి కూర్చోవాలి. నావాటిలో రెండు మధ్యలోనే ఇరుక్కున్నాయి. అది చేతకాకపోతే డీజిల్ పంపు సర్వీసు షాపులో టెస్టర్ మీద పెట్టించి స్ప్రే చూడండి. ‘టెస్ట్ చేస్తే వాపసు తీసుకోం’ అనేవాడి దగ్గర కొనకండి.

సంక్రాంతికి ఆర్టీసీ బస్సులో వెళ్లాం. సగం దూరం నిలబడి.

నిన్న ఒకతను అక్కయ్యపాలెం నుంచి ఫోన్ చేశాడు, తనదీ సియెర్రాయే. అదే డబ్బా ఫొటో పంపి తీసుకోమంటారా అని అడిగాడు. పెద్దది చేసి చూశాను. రూపాయి గుర్తు తీసేసి ‘రూ.’ అని కొట్టించారు. తేదీ మాత్రం అదే, 08/2002.