పైపు ఆర్గానా, డిజిటల్ ఆర్గానా?

హైదరాబాద్‌లో ఒక మ్యూజిక్ స్కూల్‌కి డిజిటల్ ఆర్గాన్ సులువు. చోటు, ఖర్చు తక్కువ. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రాత్రిపూట కూడా సాధన చేసుకోవచ్చు.

పైపు ఆర్గాన్ అంటే పైపుల్లోకి గాలి పంపి మోగించే కీబోర్డు వాద్యం. దాని మెకానికల్ యాక్షన్ రకంలో మీట నొక్కగానే సన్నని చెక్క పట్టీలు కదిలి, పైపు కింది కవాటాన్ని నేరుగా తెరుస్తాయి. కవాటాన్ని మూసి ఉంచే గాలి ఒత్తిడి వేలికి తగులుతుంది, అది వీడే క్షణం తెలుస్తుంది. స్వరం మెత్తగా మొదలవ్వాలా, గట్టిగానా అన్నది కొంతవరకు వేలి చేతిలోనే ఉంటుంది. పిల్లలు నేర్చుకోవాల్సింది సరిగ్గా ఇదే. చాలా డిజిటల్ ఆర్గాన్లలో మీట కేవలం స్విచ్.

టెన్షన్ అంతా మన వాతావరణంతోనే. మే నెల పొడి ఎండకు చెక్క కుంచించుకుపోతుంది, వానాకాలం తేమకు ఉబ్బుతుంది. వేడికి ఫ్లూ పైపుల (వేణువులా గాలితోనే మోగేవి) శ్రుతి పెరుగుతుంది, రీడ్ పైపులది (లోహపు నాలుక కంపించి మోగేవి) అంతగా మారదు. కలిపి వాయిస్తే అపశ్రుతి. గదిలో వేడి, తేమ ఏడాదంతా ఒకేలా ఉంచగలిగితే మాత్రం, చిన్నదైనా సరే, పైపు ఆర్గానే తీసుకోండి.