విక్టోరియా కాలపు సైనిక రివాల్వర్లు చూడాలంటే: లీడ్సా, లండనా, బర్మింగ్‌హామా?

ఒక్క రోజే చేతిలో ఉంటే లండన్ వదిలేసి లీడ్స్ వెళ్లండి. లీడ్స్ డాక్‌లోని రాయల్ ఆర్మరీస్ మ్యూజియం 1996లో తెరిచారు, ప్రవేశం ఉచితం. లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి రైల్లో సుమారు రెండుంబావు గంటలు పడుతుంది, లీడ్స్ స్టేషన్ నుంచి పావుగంట పైచిలుకు నడక. టికెట్ వారాల ముందే కొనాలి, అదే రోజు కొంటే జేబుకు చిల్లే. లండన్‌తో పోలిస్తే గది అద్దె తక్కువ. శుక్ర, శనివారాల్లో మాత్రం కాల్ లేన్ వైపు దిగొద్దు, బార్ల సందడికి కంటి మీద కునుకుండదు.

అద్దాల బీరువాల్లో ఏది ఎప్పుడు ఉంటుందో మారుతుంటుంది కాబట్టి ఆర్మరీస్ ఆన్‌లైన్ సేకరణలో తుపాకీ పేరు వెతికి మరీ వెళ్లండి. చూడటం కాలక్రమంలో సాగితేనే కథ అర్థమవుతుంది.

మొదట 1851 ఆడమ్స్. హ్యామర్‌కు, అంటే తూటాను పేల్చే సుత్తికి, బొటనవేలు పెట్టే కొస ఉండదు, ట్రిగ్గర్ బరువుగా లాగితేనే పేలుతుంది. గబగబా కాల్చొచ్చు, గురి మాత్రం కదిలిపోతుంది. అమెరికా రివాల్వర్ కోల్ట్‌ది దీనికి తలకిందులు: గురి బాగుంటుంది కానీ ప్రతి గుండుకూ హ్యామర్ వెనక్కి లాగాలి. ఇంజనీర్ల దళంలోని లెఫ్టినెంట్ బ్యూమాంట్ ఈ రెండు పద్ధతుల్నీ ఒకే యంత్రంలో కలిపాడు. 1856లో సైన్యం తీసుకున్న బ్యూమాంట్-ఆడమ్స్ అదే. ఐదు గుళ్లు, 0.442 అంగుళాల నోరు. ప్రతి అరలోనూ మందు, గుండు కూరి, వెనక మందును రాజేసే చిన్న క్యాప్ తొడగాలి. యుద్ధం మధ్యలో ఆ పని ఊహించుకోండి!

1868 నుంచి మందు, గుండు కలిపి పెట్టిన ఇత్తడి కేసుల 0.450 ఆడమ్స్ వచ్చింది. నింపడం సులువైంది గానీ, ఖాళీ కేసుల్ని కడ్డీతో ఒక్కొక్కటే నెట్టాలి. ఈ తంటా తప్పించబోయి తెచ్చుకున్న తంటాయే 1880 నాటి ఎన్‌ఫీల్డ్. ఎక్కువసేపు నిలబడాల్సింది దీని ముందే. గొట్టాన్ని కిందికి వంచితే సిలిండర్ ముందుకు జరుగుతుంది. నక్షత్రం ఆకారపు పలక మాత్రం కేసుల అంచులు పట్టుకుని వెనకే నిలుస్తుంది. పైవన్నీ రాలిపోతాయి. అట్టడుగుది కింద పడే చోటు లేక తరచూ ఇరుక్కుంటుంది. దాన్ని వేలితో పీకాలి, ఆపైన కుడిపక్క గేటు తెరిచి ఆరూ ఒక్కొక్కటిగా నింపాలి. ఇంత పెద్ద యంత్రాంగం పెట్టి సగం పనే చేశారు.

1887లో వచ్చిన వెబ్లీ మార్క్ 1 పక్కన పెట్టి చూడండి. బొటనవేలితో లాచ్ నొక్కి వంచగానే ఆరు కేసులూ ఒక్కసారే ఎగిరిపడతాయి. 1894 నాటి మార్క్ 2కి వెనక గట్టి ఉక్కు పలక చేర్చారు. దక్షిణాఫ్రికాలోని బోయర్ యుద్ధంతో పేరు ముడిపడింది 1899 నాటి మార్క్ 4.

లండన్ చెల్సీలోని నేషనల్ ఆర్మీ మ్యూజియం కూడా ఉచితమే, స్లోన్ స్క్వేర్ మెట్రో స్టేషన్ నుంచి పది నిమిషాలు. యుద్ధాల కథ బాగా చెబుతారు కానీ యంత్రాల కోసం వెళ్లేవాళ్లకు కడుపు నిండదు. రెండు మ్యూజియాలకూ సోమవారాన్ని నమ్ముకోవద్దు.

బర్మింగ్‌హామ్‌లో తుపాకులు తయారుచేసిన పేట గన్ క్వార్టర్‌లో వెబ్లీ కంపెనీ ఉండిన వీమన్ స్ట్రీట్ పేరే మిగిలింది. తుపాకుల గొట్టాలను పరీక్షించే 1813 నాటి ప్రూఫ్ హౌస్ మాత్రం చూడదగ్గదే, కాకపోతే ముందే మాట్లాడుకుని వెళ్లాలి. లండన్ ఉత్తరాన ఎన్‌ఫీల్డ్ లాక్‌లోని తుపాకుల ఫ్యాక్టరీ 1988లో మూతపడి ఇళ్ల కాలనీగా మారింది. గడియారం ఉన్న పాత భవనం కోసమే అయితే ఒక పూట చాలు. అక్కడి నమూనా తుపాకులు నాటింగ్‌హామ్ మీదుగా చివరికి లీడ్స్‌కే చేరాయి. అవి చూడాలంటే పరిశోధకులు అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.

ఇంటికి తిరిగొచ్చేవాళ్లకు ఒక జాగ్రత్త: పాత సంతల్లో అమ్మే తూటా కేసు, ఖాళీదైనా సరే, సూట్‌కేసులో పెట్టుకోకండి. శంషాబాద్‌లో స్కానర్ పట్టిందంటే మీ వివరణ పోలీసులకు చెప్పుకోవాల్సి వస్తుంది.